కయాక్‌కి ఫిష్ ఫైండర్: ట్రాన్స్‌డ్యూసర్ లోపల అతికించాలా, బయట వేలాడదీయాలా?

నల్గొండ_తెడ్డు:
అన్నలకు నమస్కారం. హైదరాబాద్‌లో ఒకాయన దగ్గర పదడుగుల ప్లాస్టిక్ కయాక్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. పైన కూర్చుని తెడ్డు వేసే రకం. దానికి 5 అంగుళాల ఫిష్ ఫైండర్ కూడా తెచ్చా, నీళ్ల లోతూ, అడుగూ, చేపలూ తెర మీద చూపేది. ఆదివారాలు నేరెడుగొమ్ము దాటి వైజాగ్ కాలనీ వైపు సాగర్ బ్యాక్ వాటర్‌కి పోతా, అప్పుడప్పుడు డిండికి. చిక్కంతా ట్రాన్స్‌డ్యూసర్ దగ్గరే, అదే నీళ్లలోకి శబ్దం పంపి ప్రతిధ్వని పట్టే ముక్క. లోపల అడుగున అతికించెయ్, బొక్క కొట్టే పని లేదంటాడు మా దోస్తు. పక్కనుంచి కడ్డీ కట్టి నీళ్లలోకి దించాలంటాడు అమ్మినాయన. 18 వేలు పెట్టిన సామాను, టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?

సాగర్_గాలం:
లోపలే అతికించు తమ్ముడూ. నాది రెండేళ్లుగా అట్లనే ఉంది. సోనార్ శబ్దం ప్లాస్టిక్‌ని దాటుతుంది, గాలి అడ్డమొస్తేనే ఆగుతుంది. కాబట్టి జిగురు డబ్బా తెరిచేముందు ఒక పరీక్ష చెయ్యి. కయాక్ నీళ్లలో ఉండగా హ్యాచ్ మూత తీసి, లోపల అడుగున రెండు చెంబుల నీళ్లు పోసి, ట్రాన్స్‌డ్యూసర్‌ని అందులో ముంచి పట్టుకో. తెర మీద లోతు నిలకడగా వచ్చిన చోటే దాని చోటు. ఇంటికొచ్చాక తుడిచి, ఆరబెట్టి, స్పిరిట్‌తో జిడ్డు తీసి, మెరైన్ జిగురు ముద్దగా వేసి, ట్రాన్స్‌డ్యూసర్‌ని మెల్లగా తిప్పుతూ అదుము. నిలువుగా నొక్కావో, కింద బుడగ ఉండిపోతుంది. ఆ రోజంతా ముట్టుకోవద్దు.

ఎర_డబ్బా:
బుడగ లేదని నేనూ అనుకున్నా. 12 అడుగుల దాకా బాగానే చూపించింది, 30 అడుగుల నీళ్లకు పోతే తెరంతా చుక్కలు. మూడు నెలలు ఆ చుక్కలనే చేపలనుకుని ఎరలు మార్చా, నవ్వకండి. చివరికి పీకి చూస్తే జిగురులో శనగగింజంత బుడగ.

ఇంకోటి. మామూలు సోనార్ 200 కిలోహెర్ట్జ్ శబ్దం ప్లాస్టిక్ దాటి పోతుంది, నిజమే. మునిగిన చెట్టు కొమ్మలను ఫొటోలాగా చూపే డౌన్ స్కాన్ మాత్రం 455, 800 మీద నడుస్తుంది, లోపలినుంచైతే అది బాగా బలహీనపడుతుంది. పడవకు రెండు పక్కలా చూపే సైడ్ స్కాన్ సంగతి అసలు మర్చిపో. టెంపరేచర్ కూడా నీళ్లది కాదు, పడవ లోపలిది చూపిస్తుంది. కడ్డీయే నయం, ఒడ్డుకొచ్చేముందు పైకి లేపుకో.

సాగర్_గాలం:
లేపడం మర్చిపోయే నావి రెండు కడ్డీలు విరిగాయి, ఆ తర్వాతే జిగురుకు మారా. డిండిలో తుంగలోకి పో, నీ కడ్డీ కలుపు పీకే పనిముట్టవుతుంది.

కొత్త_గాలం:
మధ్యలో వస్తున్నా, ఏమనుకోవద్దు. నాది గాలి నింపే కయాక్. లోపల అతికించొచ్చా?

ఎర_డబ్బా:
పనిచెయ్యదు. నీకూ నీళ్లకూ మధ్య ఉన్నదంతా గాలే కదా. కడ్డీయే దారి.

జూరాల_పుట్టి:
మా దగ్గర పుట్టి మీద వల వేసేవాళ్లకు ఏ తెరా లేదు. తెడ్డు దించి కింద రాయో బురదో చెప్తారు. తమ్ముడూ, ముందు నువ్వు పట్టేదేంటో చెప్పు. కొర్రమీనైతే అది గాలి పీల్చడానికి పైకి వచ్చే చేప, తుంగ అంచున రెండు మూడడుగుల నీళ్లలో ఉంటుంది. ఫైండర్ చూసేది గరాటులాగా కిందికే. 20 డిగ్రీల గరాటు అనుకుంటే వెడల్పు లోతులో మూడో వంతు. మూడడుగుల నీళ్లలో అడుగు వెడల్పు, అదీ నువ్వు కూర్చున్న సీటు కింద. తెడ్డు చప్పుడుకి అక్కడ కొర్రమీను ఆగుతుందా? ఆ డబ్బుతో మంచి లైఫ్ జాకెట్ కొనుక్కో.

ఎర_డబ్బా:
కొర్రమీను మాట ఒప్పుకుంటా అన్నా. సాగర్‌లో ఫైండర్ చేప కోసం కాదు, అడుగు కోసం. 590 అడుగుల నిండు మట్టంలో 40 అడుగుల కింద ఉన్న దిబ్బ, మట్టం 550కి దిగేసరికి ఎండలో బయటపడుతుంది. వానాకాలం గుర్తు పెట్టుకున్న చోటు ఎండాకాలం ఉండదు. కట్టడాలను తవ్వి నాగార్జునకొండ మీదికి చేర్చారు గానీ, ఆ లోయలోని వాగులు, గట్లు కిందే ఉన్నాయి కదా. నాకు వాలుగలు పడ్డవన్నీ పాత వాగు కోత అంచునే.

జూరాల_పుట్టి:
దానికి రాయి కట్టిన దారం చాలు.

ఎర_డబ్బా:
గంటకు ఎన్నిసార్లు దించుతావు అన్నా?

నల్గొండ_తెడ్డు:
బ్యాటరీ మాట ఎవరూ ఎత్తలేదు. యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ది నడుస్తుందా?

సాగర్_గాలం:
నడుస్తుంది, కాకపోతే రెండు కిలోల పైనే బరువు. ఫైండర్ అర ఆంపియర్ నుంచి ఒక ఆంపియర్ దాకా తాగుతుంది. లెడ్ యాసిడ్‌ని సగం కంటే కిందికి దించితే తొందరగా చస్తుంది, కాబట్టి నాలుగైదు గంటల లెక్క వేసుకో. లిథియం ఫాస్ఫేట్ దానిలో సగం బరువే. ఏది పెట్టినా ప్లస్ తీగకి ఫ్యూజ్ వెయ్యి, మాన్యువల్‌లో ఎన్ని ఆంపియర్లని రాస్తే అంతదే. మూత ఉన్న డబ్బాలో పెట్టి సీటు వెనక కట్టు.

నల్గొండ_తెడ్డు:
మొన్న ఆదివారం రెండూ చూశా. లోపల నీళ్లు పోసి పెడితే 22 అడుగులు. కడ్డీతో దించినా 22. పెద్దన్న మాట కాదనలేక రాయి కట్టిన దారం కూడా దించా, 23 వచ్చింది. గాలికి పడవ జరిగి దారం వంకరపోయినట్టుంది. తేడా అంతా డౌన్ స్కాన్‌లో. మునిగిన తుమ్మ చెట్టు ఒకటుంది, లోపలినుంచి అది మసక ముద్ద, కడ్డీతో కొమ్మ కొమ్మా తెలిసింది. సాగర్‌కి కడ్డీ పెడతా, డిండికి తీసేసి పోతా. జిగురు డబ్బా ఇంకా తెరవలేదు. లైఫ్ జాకెట్ ముందునుంచీ ఉందన్నా.

జూరాల_పుట్టి:
అదంతా సరే, చేప పడిందా?

నల్గొండ_తెడ్డు:
రెండు జెల్లలు. అవీ తిరిగొచ్చాక, ఒడ్డున కూర్చుని గాలం వేస్తే.