జైలు నుంచి వచ్చినవాళ్ల కోసం పనిచేసే చిన్న సంస్థకి డబ్బు ఎక్కడ దొరుకుతుంది? (శ్రీకాకుళం)

నాగావళి గట్టు:

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం నుంచి రాస్తున్నా. మేం ఐదుగురం కలిసి 2021లో ఒక సొసైటీ రిజిస్టర్ చేయించాం. జైలు నుంచి బయటికొచ్చినవాళ్లకి మొదటి మూడు నెలలు తోడుండడం, ఆధార్, రేషన్ కాయితాలు సరిచేయించడం, ఎక్కడో ఒకచోట పనిలో పెట్టడం, ఇదే మా పని. మాలో ఒక లాయరు, ఒక రిటైర్డ్ టీచరమ్మ, ఒక మెకానిక్, నేనూ మా బావమరిదీ. ఇన్నాళ్లూ జేబులోంచే నడిపాం, నిజం చెప్పాలంటే సగం టీచరమ్మ పెన్షన్‌తోనే నడిచింది. ఇప్పుడు ఆవిడ మోకాలి ఆపరేషన్‌కి వెళ్తున్నారు, ఇక అడగలేం.

మాకు నెలకి అయ్యేది పెద్ద మొత్తమేం కాదు, 22 వేలు. తిరిగే కుర్రాడికి 12 వేలు, గది అద్దె మూడున్నర, మిగతాది పెట్రోలు, జెరాక్సులు, చేతి ఖర్చు. ఒక కంపెనీ సీఎస్ఆర్ ఆఫీసుకి (లాభాల్లోంచి సమాజసేవకి ఖర్చు పెట్టే విభాగం) వెళ్తే రెండు గంటలు కూర్చోబెట్టి, చివర్లో ఆయన ఫైలు తెరవకుండానే "దొంగలకా అండీ? బడి పిల్లలకేమైనా ఉంటే చెప్పండి, బెంచీలిస్తాం" అన్నాడు.

అసలు ఈ పని ఎలా ఉంటుందో తెలియనివాళ్ల కోసం ఒక్క సంగతి చెప్తా. నిరుడు చలికాలంలో ఆంపోలు జైలు నుంచి ఒకతను బెయిల్ మీద విడుదలయ్యాడు. ఆర్డర్ కోర్టు నుంచి చేరేసరికి సాయంత్రమైంది, మనిషి గేటు దాటేసరికి చీకటి పడింది. చేతిలో నల్ల క్యారీ బ్యాగు, అందులో ఒక లుంగీ, చచ్చిపోయిన ఫోను, వాయిదా తేదీ రాసిన చీటీ. కాళ్లకి చెప్పుల్లేవు. ఊరు మెళియాపుట్టి అవతల. మా మెకానిక్ బండి మీద ఆర్టీసీ కాంప్లెక్స్‌కి తీసుకెళ్తే ఆఖరి బస్సు వెళ్లిపోయింది, ఆ రాత్రి వాడి షెడ్డులోనే పడుకోబెట్టాడు. చెప్పులు, భోజనం, పొద్దున్న టిఫిన్, బస్సు టికెట్టు కలిపి 430 రూపాయలు. ఆ 430 ఏ పద్దు కింద రాయాలో కూడా మాకు తెలీదు, అలాంటి లెక్కలు మావి. ఎవరికైనా దారి తెలిస్తే చెప్పండి.

లెక్కల మాస్టారు, విజయనగరం:

బాబూ, ముందు 430 సంగతి. "తక్షణ సహాయం" అని ఒక పద్దు పెట్టుకోండి, ఓచరు రాసి అతని సంతకమో వేలిముద్రో తీసుకోండి, టికెట్టు వెనకాల పిన్ను చేయండి. నేను ఇరవై ఏళ్లు స్వచ్ఛంద సంస్థల లెక్కలు రాశాను. డబ్బిచ్చేవాడు మొదట చూసేది మీ మంచితనం కాదు, మూడేళ్ల ఆడిట్ రిపోర్టు.

మీరు రెండు రకాల డబ్బుని కలిపేసి ఆలోచిస్తున్నారు. విడుదలైన మనిషికి చేరాల్సిన డబ్బు వేరు, మీ సంస్థ నడవడానికి కావాల్సిన డబ్బు వేరు. మొదటిది ప్రభుత్వం దగ్గర ముక్కలు ముక్కలుగా ఉంది, దాని కోసం మీరు విరాళాలు ఎత్తక్కర్లేదు. రెండోదే కష్టం. ఆ 12 వేల జీతం ఎవరూ ఇవ్వరు, కుట్టు మిషన్లు అడిగితే మాత్రం నలుగురు ముందుకొస్తారు.

సీఎస్ఆర్ మాట. నికర విలువ 500 కోట్లో, టర్నోవర్ 1,000 కోట్లో, నికర లాభం 5 కోట్లో, వీటిలో ఏదో ఒకటి ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి, అదీ తను ఉన్న చుట్టుపక్కలకి ప్రాధాన్యం ఇస్తూ. పైడిభీమవరం మందుల కంపెనీలు మీ గడపలోనే ఉన్నాయి. అయితే మీకు ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (విరాళం ఇచ్చినవాళ్లకి పన్ను మినహాయింపు) రెండూ ఉండాలి, 2021 ఏప్రిల్ నుంచి సీఎస్ఆర్-1 ఫారం కూడా వేసి నంబరు తెచ్చుకోవాలి, అలాంటి పనిలో మూడేళ్ల అనుభవం చూపించాలి. 2021 అంటున్నారు కాబట్టి మూడేళ్లు నిండాయి, ఆడిట్లు ఉన్నాయా మరి? స్వచ్ఛంద సంస్థల వివరాలు ఉండే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో కూడా నమోదు చేసుకోండి, అది ఖర్చు లేని పని.

ఇంకో మాట. "జీతాలకి ఇవ్వం, 5 శాతమే నిబంధన" అని మీతో కూడా అంటారు చూడండి. ఆ 5 శాతం కంపెనీ తన సీఎస్ఆర్ విభాగాన్ని నడుపుకునే ఖర్చుకి పరిమితి. ప్రాజెక్టులో నేరుగా తిరిగే మనిషి జీతం దాని కిందికి రాదు. అవతలివాళ్లకి కూడా చాలాసార్లు ఈ తేడా తెలీదు, మర్యాదగా రూలు ముందు పెట్టండి.

విదేశాల నుంచి డబ్బు అంటే ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ కావాలి, దానికి మూడేళ్ల వయసుతో పాటు ఆ మూడేళ్లలో 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. మీ 22 వేల లెక్కన అందదు, ఆ ఆలోచన పక్కన పెట్టండి. కాకపోతే భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు కాపీ తీసుకుని ఫైల్లో పెట్టుకోండి. అదే మీ పిన్ని కొడుకు అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, వాడు సోంపేటలో పుట్టినా సరే, పది డాలర్లు కూడా ముట్టుకోకూడదు.

కోర్టు గేటు:

మాస్టారు చెప్పిన మొదటి రకం డబ్బు గురించి నేను రాస్తా, రోజూ చూసే వ్యవహారం కాబట్టి.

పేద ఖైదీల కోసం కేంద్రం 2023లో ఒక పథకం పెట్టింది. బెయిల్ వచ్చి కూడా డబ్బు కట్టలేక లోపలే ఉండిపోయిన విచారణ ఖైదీకి 40 వేల వరకు, జరిమానా కట్టలేక ఆగిపోయిన శిక్ష ఖైదీకి 25 వేల వరకు, అని 2023 నాటి మార్గదర్శకాల్లో ఉండేది. జిల్లా కమిటీ మంజూరు చేస్తుంది, డబ్బు ఖైదీ చేతికి ఇవ్వరు, నేరుగా కోర్టులో జమ అవుతుంది. బెయిల్ ఇచ్చిన ఏడు రోజుల్లో మనిషి బయటికి రాకపోతే జైలువాళ్లు జిల్లా న్యాయసేవాధికార సంస్థకి చెప్పాలి, అక్కడ సెక్రటరీగారు అతని ఆర్థిక పరిస్థితి కనుక్కోవడానికి సామాజిక కార్యకర్తల సాయం, స్వచ్ఛంద సంస్థల సాయం తీసుకోవచ్చు. మీరు దూరాల్సిన తలుపు అదే. సెక్రటరీగారికి ఒక లెటరు పెట్టండి, విచారణకి మా కుర్రాడు వెళ్తాడు, ఊళ్లో కనుక్కొని రెండ్రోజుల్లో రిపోర్టు ఇస్తాం అని. పైసా రాదు, కానీ సంవత్సరం తిరిగేసరికి మీ పని ప్రభుత్వ కాయితాల్లో ఎక్కుతుంది. కంపెనీవాడి ముందు ఆ కాయితం పెట్టాక "దొంగలకా" అని అంత తేలిగ్గా అనలేడు.

కానీ ఒక మెలిక ఉంది, మన జిల్లాలకి పెద్ద మెలిక. గంజాయి కేసులకి, అంటే ఎన్‌డీపీఎస్ కింద ఉన్నవాళ్లకి ఆ పథకం వర్తించదు. నేను చూసే రిమాండు రిపోర్టుల్లో రోజు కూలీకి ఆశపడి సంచి మోసి ఏ రైల్వే స్టేషన్లోనో దొరికిపోయిన కుర్రాళ్లే ఎక్కువ. సరుకు ఎవరిదో వాళ్లకే తెలీదు. వాళ్లకి మాత్రం మీ సొంత డబ్బే గతి, విరాళం అడిగేటప్పుడు ఈ ఖాళీని చూపించి అడగండి.

లాయరు ఫీజులకి మాత్రం రూపాయి ఖర్చు పెట్టొద్దు. కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో పని లేకుండా, 1987 చట్టం 12వ సెక్షన్ కింద ఉచిత న్యాయ సహాయం ఉంది. మీలో ఇద్దరు న్యాయసేవాధికార సంస్థలో పారాలీగల్ వలంటీర్లుగా (న్యాయ సహాయం అందేలా చూసే కార్యకర్తలు) చేరగలిగితే పనిచేసిన రోజులకి గౌరవ వేతనం వస్తుంది. తక్కువే, పెట్రోలుకి సరిపోతుంది.

పద్దెనిమిది నిండి బాలల హోమ్ నుంచి బయటికి వచ్చే పిల్లలుంటే జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌ని అడగండి, మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద ఆఫ్టర్ కేర్‌కి, అంటే హోమ్ వదిలాక నిలదొక్కుకోవడానికి, నెలకి 4,000 ఉంది.

ఉద్దానం వాడు:

ఏటండీ ఇదంతా, దొంగతనం చేసినోడికి చెప్పులు, టిఫిను, లోను? మా పెదనాన్న ఇంట్లో రెండేళ్ల కిందట పడి ఏడు తులాలు ఎత్తుకుపోయారు, ఇప్పటికి రూపాయి రికవరీ లేదు. మా పెద్దమ్మ ఇప్పటికీ రాత్రిపూట లైటు ఆర్పదు. ఆవిడ కోసం ఏ సంస్థ ఉందో చెప్పండి ముందు.

నాగావళి గట్టు:

అన్నా, మీ కోపం న్యాయమైనదే, దానికి నా దగ్గర అందమైన జవాబు లేదు. ఒకటి మాత్రం చెప్తా, మేం చూసేవాళ్లలో సగం మందికి ఇంకా శిక్షే పడలేదు, కేసు నడుస్తోంది. మిగతావాళ్లు ఎలాగూ బయటికొస్తారు, వచ్చి మన వీధిలోనే ఉంటారు. పనిలేకుండా ఉండడం మేలా, పనిలో ఉండడం మేలా, అంతే. లవణం, హేమలత దంపతులు దొంగల ఊరని ముద్రపడ్డ స్టూవర్టుపురంలో ఏళ్ల తరబడి చేసిన పని కూడా ఇలాంటిదే కదా.

కుట్టు సెంటర్ అక్క, బొబ్బిలి:

నేను పదకొండేళ్లుగా కుట్టు సెంటర్ నడుపుతున్నా, ముగ్గురు ఖైదీల భార్యలు నా దగ్గరే నేర్చుకున్నారు. నా మాట వినండి తమ్ముడూ, మగాడి పేరు మీద మొదట లోను అడగొద్దు. బ్యాంకు మేనేజరు సిబిల్ చూడకముందే ఊళ్లోవాళ్లు చెప్పేస్తారు. భార్య డ్వాక్రా సంఘంలో ఉంటే ఆ దారిలో వెళ్లండి, మొగుడు జైలుకెళ్లాడని సంఘంలోంచి తీసేసి ఉంటే ముందు తిరిగి చేర్పించండి, మీ కుర్రాడు చేయాల్సిన అసలు పని అది. నేను ఒక అమ్మాయి కోసం మూడు మీటింగులకి వెళ్లి కూర్చున్నా, మూడోసారి లీడరమ్మే "సరేలే, పొదుపు బాకీ కట్టేస్తే రానియ్" అంది. బాకీ 1,200.

చేతిపని వచ్చినవాళ్లయితే పీఎం విశ్వకర్మ అనే కేంద్ర పథకం చూడండి. 18 వృత్తులు ఉన్నాయి, దర్జీ, తాపీ, వడ్రంగి, మంగలి, చాకలి, చేపల వలలు అల్లేవాళ్లు కూడా. పనిముట్లకి 15,000, తర్వాత మొదటి విడత లక్ష దాకా 5 శాతం వడ్డీకి. ఇంట్లో ఒక్కరికే ఇస్తారు. నేర్చుకోవాల్సినవాళ్లకి ఆర్‌సెటీలో (బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ) శిక్షణ, భోజనం, వసతి ఉచితం.

ఇంకొకటి, ప్రపోజల్ మీద "ఖైదీల పునరావాసం" అని పెద్దక్షరాలతో రాయకండి, "కుటుంబ జీవనోపాధి" అని రాయండి. పాకిస్థాన్ జైలు నుంచి 2020లో మన మత్స్యకారులు తిరిగొస్తే దండలేశాం, ఆంపోలు నుంచి వచ్చినోడిని చూసి తలుపేసుకుంటాం. జైలు అనే మాటకి కాదు కదా జనం భయపడేది, ఏ జైలు అన్నదానికి.

లెక్కల మాస్టారు, విజయనగరం:

అమ్మా, మిగతావన్నీ బంగారంలాంటి మాటలు, ఆ చివరిది మాత్రం నేను ఒప్పుకోను. దాచి డబ్బు తీసుకున్న ఒక సంస్థ లెక్కలు నేనే చూశాను, పేరు చెప్పను. ఇచ్చినాయనకి ఆర్నెల్ల తర్వాత ఎవరో చెప్పారు, రెండో విడత ఆపేశాడు. అప్పటికే ఇద్దరికి ఉద్యోగం ఇచ్చేశారు, వాళ్ల జీతం ప్రెసిడెంటు భార్య గొలుసు తాకట్టు పెట్టి ఇచ్చారు. మొదటి పేజీలో కుటుంబం గురించి రాయండి, పర్వాలేదు, కానీ రెండో పేజీలోనైనా జైలు అన్న మాట కనపడాలి. కంపెనీ చట్టం ఏడో షెడ్యూల్లో ఖైదీ అన్న మాట లేదు, నిజమే. వృత్తి నైపుణ్యాలు, జీవనోపాధి అని ఉంది, మీ పని దాని కింద దర్జాగా పడుతుంది. అబద్ధం అవసరం లేదు.

కుట్టు సెంటర్ అక్క, బొబ్బిలి:

దాచమని కాదు మాస్టారూ, తలుపు తీయకముందే మొహం మీద వేసేసుకోకుండా చూసుకోమని. సరే, రెండో పేజీ అన్నారు కదా, అక్కడికి ఒప్పుకున్నా.

జీతం సంగతి ఎవరూ తేల్చలేదు, నాకు పనికొచ్చిన పద్ధతి చెప్తా. పెద్దమొత్తం ఒకరిని అడగకండి. నెలకి 500 ఇచ్చేవాళ్లని ముప్పై మందిని పట్టుకోండి, రైసు మిల్లు, మెడికల్ షాపు, మీ టీచరమ్మ పాత విద్యార్థులు. సంవత్సరం ఇస్తానన్నవాళ్లనే రాసుకోండి. ముప్పై మందిలో పది మంది మూడో నెలకి మానేస్తారు, అందుకే నలభై ఐదు మందితో మొదలుపెట్టాలి.

లెక్కల మాస్టారు, విజయనగరం:

బాగుంది. వాళ్లకి 80జీ ఆశ చూపించకండి. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకి ఆ మినహాయింపే లేదు, పాతదాంట్లో ఉన్నా 2,000 దాటి నగదుగా ఇస్తే రాదు. ఫోన్‌పే చేయమనండి, రసీదు అదే రోజు పంపండి.

నాగావళి గట్టు:

అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి కూర్చుని మా లాయరూ నేనూ ఫైళ్లు తీశాం. 12ఏ ఉంది, 80జీ లేదు, రెండేళ్ల ఆడిట్ ఉంది, మూడోది చేయించాలి. కాబట్టి కంపెనీలు ఈ సంవత్సరానికి లేనట్టే. సెక్రటరీగారికి లెటరు సోమవారం ఇస్తాం. టీచరమ్మకి ఫోన్ చేసి పాత విద్యార్థుల మాట చెప్తే, ఆపరేషన్ బెడ్ మీద నుంచే పేర్లు చెప్పడం మొదలెట్టారు, ఇరవై ఆరు దాకా రాశాను, తర్వాత నర్సు ఫోను లాగేసుకుంది.

ఉద్దానం అన్నా, మీ పెద్దమ్మగారి కేసు ఎఫ్ఐఆర్ కాపీ ఉంటే నాకు మెసేజ్ చేయండి, సొత్తు గురించి కోర్టులో ఏం అడగొచ్చో మా లాయరు చూస్తానన్నాడు.

ఆ మెళియాపుట్టి మనిషి ఇప్పుడు టెక్కలిలో టైర్ల షాపులో ఉన్నాడు. నిన్న వాయిదాకి వచ్చినప్పుడు ఓచరు మీద సంతకం పెట్టించా. 430 అని చూసి, "అంతేనా, చెప్పులే మూడొందలన్నాడు కదా ఆ మెకానిక్కు" అన్నాడు. ఆ మెకానిక్ తన భోజనం కూడా అందులో రాయలేదని అప్పుడు తెలిసింది.