పరిశోధన పురస్కారానికి దరఖాస్తు చేస్తుంటే పట్టా తేదీ దగ్గర ఆగిపోతోంది

తుంగభద్ర:
నిన్న సాయంత్రం ఆరు గంటల నుంచి, భోజనానికి తప్ప లేవకుండా, ఈ దరఖాస్తుతోనే కుస్తీ పడుతున్నాను. స్వచ్ఛంద సేవ మీద జరిగే పరిశోధనలకు ఇచ్చే ఉత్తమ సిద్ధాంత గ్రంథ పురస్కారానికి పంపుదామని వివరాలన్నీ నింపాను. పట్టా తేదీ వేసి ముందుకు వెళ్లబోతే ‘అర్హత లేదు’ అంటూ ఎర్ర అక్షరాలతో వెనక్కి తోసేస్తోంది. బ్రౌజరు మార్చాను, ఫోనులో చూశాను, మా తమ్ముడి ల్యాప్‌టాప్ కూడా తెప్పించాను. గడువు ఎల్లుండితో ముగుస్తుంది. ఈ గండం దాటినవారు ఎవరైనా ఉంటే దయచేసి దారి చెప్పండి.

పాతబస్తీ:
ఏ పురస్కారం, ఏ తేదీ వేశారు? ఈ రెండూ చెప్పకపోతే ఎవరూ సాయం చేయలేరు.

గౌతమి:
ఈ రంగంలో సిద్ధాంత గ్రంథాలకు పురస్కారం అనగానే ముందుగా గుర్తొచ్చేది అమెరికాలో స్వచ్ఛంద సేవ, లాభాపేక్ష లేని సంస్థల మీద పరిశోధించేవారి సంఘమైన ఆర్నోవా, గేబ్రియల్ రడ్నీ పేరిట ఇచ్చే స్మారక పురస్కారం. పుస్తకానికి వేరుగా, తమ పత్రికలో వచ్చిన ఉత్తమ వ్యాసానికి వేరుగా కూడా ఆ సంఘం పురస్కారాలు ఇస్తుంది. 1992లో ఏర్పడిన ఐ.ఎస్.టి.ఆర్. అనే, ఇదే రంగంలోని పరిశోధకుల అంతర్జాతీయ సంఘం మరొకటి ఉంది. దాని మహాసభ రెండేళ్లకొకసారి జరుగుతుంది కాబట్టి వారి గడువుల లెక్క వేరు. మీ గ్రంథం ఏ విషయం మీదో తెలిస్తే, అది అసలు ఈ రంగం కిందికి వస్తుందో లేదో కూడా చూడవచ్చు. చాలామంది ఆ ఒక్క మాట చూసుకోకుండానే పంపుతుంటారు.

తుంగభద్ర:
మీరు చెప్పిన ఆర్నోవా పురస్కారానికేనండీ. తిరుమలలో 2000లో మొదలైన శ్రీవారి సేవ మీద పని చేశాను. తేదీ అంటారా, స్నాతకోత్సవం వచ్చే ఫిబ్రవరిలో ఉంది, అదే వేశాను. పట్టా చేతికి ఇచ్చేది అప్పుడే కదా.

పాతబస్తీ:
ఇంకా రాని తేదీ వేస్తే ఏ ఫారమూ ఒప్పుకోదు. విశ్వవిద్యాలయం మీకు డిగ్రీ ప్రకటిస్తూ ఇచ్చిన నోటిఫికేషన్ తేదీ ప్రొవిజనల్ సర్టిఫికెట్ మీద ఉంటుంది, దాన్ని వేయండి. మౌఖిక పరీక్ష జరిగిన తేదీ మాత్రం వేయకండి.

గౌతమి:
తేదీ సంగతి అలా ఉంచండి, నా సందేహం అంతకన్నా పెద్దది. లాభాపేక్ష లేని సంస్థ అనిపించుకోవడానికి అమెరికా పరిశోధకుడు లెస్టర్ సాలమన్ బృందం అయిదు లక్షణాలు చెప్పింది. అందులో ఒకటి ప్రభుత్వ యంత్రాంగానికి వెలుపల ఉండడం, మరొకటి తన పాలన తానే చూసుకోవడం. దేవస్థానం పాలకమండలిని 1987 నాటి దేవాదాయ చట్టం కింద రాష్ట్ర ప్రభుత్వం నియమిస్తుంది. అలాంటప్పుడు ఇది స్వచ్ఛంద రంగమా, ప్రభుత్వ రంగమా అని న్యాయనిర్ణేతలు అడగకుండా ఉంటారా? ‘లాభాపేక్ష లేని’ అన్న తెలుగు మాట కూడా నాకు నచ్చదు. న్యాయశాస్త్ర పండితుడు హెన్రీ హాన్స్‌మన్ 1980లోనే తేల్చినట్లు, అలాంటి సంస్థ మిగులు సంపాదించుకోవచ్చు, సంస్థను నడిపేవారు దాన్ని పంచుకోకూడదు, అంతే. కాబట్టి ‘లాభం పంచుకోని సంస్థ’ అనాలి.

చిత్రావతి:
గౌతమి గారూ, సంస్థ ఎవరిదైతేనేం, అక్కడికి వెళ్లినవారు తమంతట తాము వెళ్లారా లేదా అన్నదే కదా ఇక్కడి ప్రశ్న. మా అమ్మ ఏడు రోజులు సేవకు వెళ్లి, అన్నప్రసాదం కూరగాయలు తరిగే చోట పొద్దుటి నుంచి గుమ్మడికాయలు కోసి, బొబ్బలెక్కిన వేళ్లతో ఇంటికి వచ్చింది. ఆ చేతులు చూసి ‘నువ్వు వాలంటీరుగా పనిచేశావమ్మా’ అంటే కోప్పడింది. ఆంధ్రలో ఆ మాటకు, 2019లో వచ్చి నెలకు అయిదు వేల గౌరవ వేతనం తీసుకున్న గ్రామ వాలంటీరు అన్న అర్థమే పాతుకుపోయింది. సేవ అంటే మొక్కు, పుణ్యం, పెద్దల మాట, అన్నీ కలిసి ఉంటాయి. దాన్ని స్వచ్ఛంద సేవ అంటే సగమే చెప్పినట్లు.

గౌతమి:
ఆ సగం గురించే నేనూ అంటున్నాను. అయితే ఒక విషయంలో మీదే పైచేయి, ఒప్పుకుంటున్నాను. సామాజిక శాస్త్రవేత్త డేవిడ్ హోర్టన్ స్మిత్ చొరవతో 1971లో ఆర్నోవా సంఘం పుట్టినప్పుడు దాని పేరులో ఉన్నది స్వచ్ఛంద కార్యం అన్న మాటే, సంస్థల ఊసే లేదు. 1972లో మొదలైన వారి పత్రిక పేరు కూడా అంతే. 1989లో ఆ పత్రిక పేరు మార్చినప్పుడే లాభం పంచుకోని సంస్థలు ముందు వరుసలోకి వచ్చాయి. తుంగభద్ర గారు తమ సారాంశాన్ని దేవస్థానంతో కాక సేవకులతో మొదలుపెడితే నా అభ్యంతరానికి చాలావరకు బలం ఉండదు.

తుంగభద్ర:
నోటిఫికేషన్ తేదీ వేయగానే ఫారం ముందుకు వెళ్లింది! నిన్నటి నుంచి ఇంత తంటా దీనికోసమా అని సిగ్గుగా ఉంది. సారాంశం మొదటి పేరా కూడా మార్చాను. ఇంకొక్క చిన్న సంగతి, గ్రంథం మొత్తం తెలుగులో ఉంది, సారాంశం మాత్రమే ఇంగ్లీషులో రాశాను. అది ఇబ్బంది అవుతుందా?

పాతబస్తీ:
ఇది చిన్న సంగతి కాదు, మొదటే చెప్పవలసిన మాట. భాష గురించి ఈ ఏడాది పురస్కార ప్రకటనలో ఏమైనా ఉందేమో చదవండి. లేకపోతే నిర్వాహకులకు ఈ రాత్రే మెయిల్ పెట్టండి, ఇప్పుడు అక్కడ పగలు, రేపు పొద్దున పెడితే వారు నిద్రలో ఉంటారు.

గౌతమి:
ఒక అధ్యాయమైనా అనువదించి సిద్ధంగా పెట్టుకోవడం మంచిది. సేవకులతో జరిపిన సంభాషణలు ఉన్న అధ్యాయమైతే మేలు. అందులో ‘సేవ’ అన్న మాటను ఇంగ్లీషులోకి ఎలా తెస్తారన్నది చూడాలని నాకు ఉబలాటంగా ఉంది.

తుంగభద్ర:
మెయిల్ పెట్టాను, అందరికీ ధన్యవాదాలు. సేవను సేవగానే ఉంచాను.

చిత్రావతి:
కూరగాయలు తరిగే చోటు గురించి అందులో ఉంటే, ఆ పేజీల తెలుగు ప్రతి పంపగలరా? అమ్మకు చదివి వినిపిస్తాను.