రాత్రి డ్యూటీ, పక్కనే పసిపాప: చిన్న పీసీ రొద తగ్గేదెలా?

రాత్రిపాళీ:
కూకట్‌పల్లిలో సింగిల్ బెడ్‌రూమ్ ఇల్లు. డ్యూటీ సాయంత్రం 6 నుంచి తెల్లవారుజామున 3 దాకా. టేబుల్‌కి ఆరడుగుల దూరంలో ఎనిమిది నెలల పాప పడుకుంటుంది. పోయిన నెల సొంతంగా పీసీ బిగించుకున్నాను. రైజెన్ 5 5600జీ, మినీ ఐటీఎక్స్ అనే చిన్న సైజు బోర్డు, 16 జీబీ ర్యామ్, ఒక ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (చప్పుడు చేయని స్టోరేజ్), పాత డెస్క్‌టాప్ లోంచి పీకిన 2 టీబీ హార్డ్‌డిస్క్. గ్రాఫిక్స్ కార్డు లేదు. క్యాబినెట్ బూట్ల డబ్బా కంటే కొంచెం పెద్దది, సన్నటి ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే డబ్బా) దాంతోపాటే వచ్చింది. ప్రాసెసర్‌ని చల్లబరిచే ఫ్యాన్, అదే కూలర్, ప్రాసెసర్‌తో వచ్చినదే.

బ్రౌజర్‌లో కొత్త ట్యాబ్ తెరిస్తే చాలు, ఫ్యాన్ బుస్సుమని లేచి మళ్ళీ దిగుతుంది. దాంతో పాప కదులుతుంది, మా ఆవిడ నావైపు చూస్తుంది. కూలర్ మార్చాలా? ఎస్‌ఎంపీఎస్ మార్చాలా? హార్డ్‌డిస్క్ తీసేయాలా? ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్ట్ మళ్ళీ పెట్టాలా? బడ్జెట్ 6 వేలు, అంతకు మించి అడగలేను.

సీటీసీ పాతకాపు:
2003 నుంచి సికింద్రాబాద్‌లో అసెంబ్లింగ్ చేస్తున్నా. ఎన్ని బిగించానో లెక్క పెట్టడం ఎప్పుడో మానేశా. కూలరే తమ్ముడూ, ఇంకేమీ కాదు. ఊరికే వచ్చిన కూలర్ ఊరికే వచ్చినట్టే ఉంటుంది. థర్మల్‌రైట్ ఏఎక్స్‌పీ90 ఎక్స్47 కూలర్ వేసుకో, ఎత్తు 47 మిల్లీమీటర్లు, నీ డబ్బాలో హాయిగా పడుతుంది. డబ్బుంటే నాక్చువా ఎన్‌హెచ్ ఎల్9ఏ, 37 మిల్లీమీటర్లు. అయినా 244 మిల్లీమీటర్ల మైక్రో ఏటీఎక్స్ బోర్డు చవగ్గా దొరుకుతుంటే, 170 మిల్లీమీటర్ల బోర్డుకు అంత డబ్బు పోయడం ఏమిటో! చిన్న ఇంట్లో పెద్ద కాపురం.

ఖమ్మం ఎండ:
నేనైతే అసలు ఫ్యానే వద్దనుకున్నా. డబ్బా మొత్తం అల్యూమినియం రెక్కలు, లోపల హీట్ పైపులు. డిసెంబర్‌లో ఎంత హాయిగా ఉండేదంటే, ఆన్ చేశానో లేదో లైటు చూసి తెలుసుకోవాలి. అప్పుడు గది 22 డిగ్రీలు, ప్రాసెసర్ 72. అంటే గది కంటే 50 ఎక్కువ. మే వచ్చింది, గది 40 దాటింది. ఆ 50 కలపండి మరి. 95 తాకగానే ప్రాసెసర్ తనంతట తనే నెమ్మదించేది, ఎక్సెల్ షీటు తెరిచి టీ తాగి రావచ్చు. చివరికి పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టాను. ఫ్యాన్ లేని పీసీకి టేబుల్ ఫ్యాన్! మా ఆవిడ ఇప్పటికీ చుట్టాలందరికీ చెబుతుంది.

అనంతపురం అనంత్:
ఒక్క మాట అడుగుతా, కోపం తెచ్చుకోవద్దు. గదిలో సీలింగ్ ఫ్యాన్ తిరుగుతోందా లేదా? మా ఇంట్లో ఐదు మీద పెడితే టీవీయే వినపడదు. ఆ హోరులో అరచేతి అంత ఫ్యాన్ చప్పుడు వినపడుతోందంటే నమ్మమంటారా? ఇదంతా యూట్యూబ్ చూసి తెచ్చుకున్న టెన్షన్.

జివ్వుమనే చేయి:
నాదీ చిన్న క్యాబినెట్టే. ఇనుప భాగం ముట్టుకుంటే చేయి జివ్వుమంటోంది. మీకెవరికైనా ఇలా ఉందా?

వాణి గొంతు:
అనంత్ గారూ, మీరన్నది సగమే నిజం. సీలింగ్ ఫ్యాన్ నిమిషానికి మూడొందల చుట్లు అటూఇటూగా తిరుగుతూ ఒకే తీరుగా హోరుమంటుంది. చెవి కాసేపట్లో దాన్ని మర్చిపోతుంది. ఈయన ఫ్యాన్ లేస్తోంది, పడుతోంది. నిద్ర చెడగొట్టేది ఆ లేవడం పడటమే. ఉయ్యాల ఒకే లయలో కిర్రుమంటున్నంతసేపు పాప పడుకుంటుంది, అది ఆగితేనే లేస్తుంది కదా.

నేను విజయవాడలో ఇంట్లోనే ఆడియో కథలు రికార్డ్ చేస్తాను. మైకు ముందు కూర్చున్నప్పుడు ఏసీ, సీలింగ్ ఫ్యాన్ అన్నీ బంద్. మిగిలేది పీసీ ఒక్కటే, దాంతో రెండేళ్ళు కుస్తీ పట్టాను. ఫ్యాన్ వేగం సగానికి తగ్గిస్తే గాలి సగమే తగ్గుతుంది గానీ చప్పుడు దాదాపు 15 డెసిబెల్స్ పడిపోతుంది. నా కష్టమంతటికీ దక్కిన ముక్క ఇదే.

రాత్రిపాళీ గారూ, ఏదీ కొనకుండా ముందు బయాస్‌లోకి (పీసీ ఆన్ అవుతున్నప్పుడు తెరుచుకునే సెట్టింగ్స్‌లోకి) వెళ్ళండి. ఎంత వేడికి ఫ్యాన్ ఎంత వేగంగా తిరగాలో చూపే గీత ఒకటి ఉంటుంది, ఆ ఫ్యాన్ గీతను 70 డిగ్రీల దాకా అడ్డంగా, తక్కువలో ఉంచి, ఆ తర్వాతే ఎక్కనివ్వండి. వేగం మార్చే ముందు కొన్ని సెకన్లు ఆగే సెట్టింగ్ ఉంటే అది కూడా పెంచండి. ట్యాబ్ తెరిస్తే ప్రాసెసర్ ఒక్క సెకనులో పది పదిహేను డిగ్రీలు ఎగిరి మళ్ళీ దిగుతుంది. దాని వెంట ఫ్యాన్ పరిగెత్తనక్కర్లేదు. మీ ప్రాసెసర్ 65 వాట్లదని పెట్టె మీద రాసినా, బోర్డు మీద అది కూర్చునే సాకెట్ 88 వాట్ల దాకా వెళ్ళనిస్తుంది. బయాస్‌లోనే ఉండే ఎకో మోడ్ అనే పొదుపు సెట్టింగ్‌లో 45కి దించండి. కాల్స్‌కి, బ్రౌజర్‌కి తేడా కూడా తెలియదు.

అనంతపురం అనంత్:
మా అమ్మాయి పక్కన గ్రైండర్ తిరుగుతుంటే పడుకునేది మేడమ్. ఈ డెసిబెల్స్ అన్నీ ఇప్పటి పిల్లలకే.

ఖమ్మం ఎండ:
అనంత్ అన్నా, టీవీ వినపడనంత మోగుతోందంటే మీ ఫ్యాన్ బేరింగ్ పోయినట్టే. ముందు దాన్ని చూపించండి.

అనంతపురం అనంత్:
నా ఫ్యాన్ బేరింగ్ గురించి మీకెందుకు? పదహారేళ్ళుగా తిరుగుతోంది.

కాకినాడ కాజా:
పదహారేళ్ళంటే మార్చేయాల్సిందే సార్. నేను బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో నడిచే మోటారు) సీలింగ్ ఫ్యాన్ వేయించాను. పాతది 75 వాట్లు తాగేది, ఇది 28. పైగా పాత రెగ్యులేటర్ రెండు మీద పెడితే జుమ్మని మోగేది, ఆ బాధా పోయింది. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద రాత్రంతా వస్తోంది.

సీటీసీ పాతకాపు:
బీఎల్‌డీసీ బోర్డు వోల్టేజ్ ఎక్కువతక్కువలకు పోతుంది. పోతే రిపేరు చేసేవాడు దొరకడు. రాసిపెట్టుకోండి.

కాకినాడ కాజా:
మూడేళ్ళయింది, పోలేదు. మీకు కొత్తది ఏదొచ్చినా పడదా?

అనంతపురం అనంత్:
ఇక్కడ ఫ్యాన్ల షాపు తెరిచారా ఏంటి?

ఖమ్మం ఎండ:
తెరిచింది మీరే.

డల్లాస్ బావ:
ఇంత గొడవ ఎందుకు బ్రో, మ్యాక్ మినీ తీసుకోండి. 2024ది 12.7 సెంటీమీటర్ల చదరం, ఎత్తు 5 సెంటీమీటర్లు. మా ఇంట్లో ఆన్‌లోనే ఉంటుంది, ఎప్పుడూ శబ్దం వినలేదు.

కాకినాడ కాజా:
బావగారూ, బడ్జెట్ 6 వేలు అన్నారు. రూపాయల్లో.

రాత్రిపాళీ:
సీలింగ్ ఫ్యాన్ మూడు మీద ఉంది. ఇక ఆ సంగతి వదిలేయండి, దండం పెడతాను.

వాణి గారూ, చెప్పినట్టే చేశాను. ఫ్యాన్ గీత మార్చి, 45 వాట్లకు దించాను. కాల్‌లో ఉన్నప్పుడు 66, 68 దగ్గర నిలబడుతోంది, లేవడం పడటం పూర్తిగా ఆగిపోయింది. చాలా థ్యాంక్స్ అండీ. కానీ ఇప్పుడు ఇంకోటి బయటపడింది. సన్నటి ఈల. చెవి దగ్గర దోమ పాడుతున్నట్టు ఆగకుండా వస్తోంది. ఇన్నాళ్ళూ ఆ బుసలో కలిసిపోయినట్టుంది.

వాణి గొంతు:
పేపరును గొట్టంలా చుట్టి ఒక కొస చెవికి, రెండో కొస క్యాబినెట్ జాలీ దగ్గర పెట్టి వినండి. కూలర్, హార్డ్‌డిస్క్, ఎస్‌ఎంపీఎస్, ఒక్కొక్కటీ. నవ్వుకోండి గానీ, రెండు వేలు పెట్టి కొన్న కొలిచే యంత్రం కంటే నాకదే పనికొచ్చింది.

రాత్రిపాళీ:
ఆదివారం అనుబంధం చుట్టి విన్నాను. మా ఆవిడ ఫోటో కూడా తీసింది. కూలర్ కాదు. ఎస్‌ఎంపీఎస్! వెనక అగ్గిపెట్టె అంత ఫ్యాన్ ఉంది. హార్డ్‌డిస్క్ దగ్గర వేరే రకంగా, బొంగురుగా హూమ్ అంటోంది.

ల్యాబ్ అసిస్టెంట్:
అది ఫ్లెక్స్ ఏటీఎక్స్ అనే సన్న రకం ఎస్‌ఎంపీఎస్. మందం 40.5 మిల్లీమీటర్లు, అందుకే 40 మిల్లీమీటర్ల ఫ్యాన్. రెక్క చిన్నదైతే అంతే గాలికి వేగంగా తిరగాలి, వేగంగా తిరిగితే ఈల. ఇంకాస్త పెద్ద రకం, ఎస్‌ఎఫ్‌ఎక్స్ వేసుకోమందామంటే అది 63.5 మిల్లీమీటర్లు, మీ డబ్బాలో పట్టదు. గ్రాఫిక్స్ కార్డు లేదు కాబట్టి ఇంకో దారి ఉంది. లోపల చిన్న డీసీ బోర్డు, బయట ల్యాప్‌టాప్‌కి ఉన్నట్టు 12 వోల్టుల అడాప్టర్. 150 వాట్లది చాలు. దానికి ఫ్యానే ఉండదు. అడాప్టర్ మాత్రం మంచిది కొనండి, అక్కడ పీనాసితనం వద్దు.

సీటీసీ పాతకాపు:
అడాప్టర్లూ గిడాప్టర్లూ ఎందుకు? ఎస్‌ఎంపీఎస్ విప్పు, నాలుగు స్క్రూలు. నాక్చువా ఎన్‌ఎఫ్ ఏ4ఎక్స్20 ఫ్యాన్ తెచ్చి రెండు వైర్లు సోల్డర్ చెయ్యి. అరగంట పని. ఎన్ని చేశానో.

ల్యాబ్ అసిస్టెంట్:
రాత్రిపాళీ గారూ, ఆ పని చేయొద్దు. 230 వోల్టులు లోపల 325 వోల్టుల డీసీ అవుతుంది. ప్లగ్ పీకాక కూడా పెద్ద కెపాసిటర్‌లో అది మిగిలి ఉండొచ్చు. నెమ్మదిగా తిరిగే ఫ్యాన్ వేస్తే ఎండాకాలంలో లోపల చల్లబడుతుందన్న గ్యారంటీ లేదు. రాత్రంతా పసిపిల్ల పక్కన నడిచే వస్తువు అది.

సీటీసీ పాతకాపు:
పుస్తకాలు చదివి భయపెట్టేవాళ్ళు ఎక్కువయ్యారు. ఇన్నేళ్ళలో నాకు ఒక్కసారి కూడా షాక్ కొట్టలేదు.

ల్యాబ్ అసిస్టెంట్:
మొదటి పోస్టులో "కూలరే, ఇంకేమీ కాదు" అన్నది మీరే కదండీ. మీ మాట విని ఉంటే కూలర్ మీద డబ్బులు పోయేవి, ఈల అలాగే ఉండేది.

సీటీసీ పాతకాపు:
మొదట కూలర్, తర్వాత మిగతావి అని నా అర్థం. నేర్చుకునే ఉద్దేశం లేనివాళ్ళకు చెప్పడం నాదే తప్పు. సెలవు.

జివ్వుమనే చేయి:
నా చేయి సంగతి ఎవరూ చెప్పలేదు.

ల్యాబ్ అసిస్టెంట్:
మీ ప్లగ్ పాయింటులో ఎర్త్ లేదు. ఎస్‌ఎంపీఎస్ ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల ఎర్త్ లేని క్యాబినెట్ మీద 115 వోల్టుల దాకా తేలుతుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమని వదిలేస్తోంది. ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, ఈరోజే. మూడు పిన్నుల ప్లగ్గే వాడుతున్నారు కదా?

జివ్వుమనే చేయి:
సాకెట్ రెండు రంధ్రాలదే. మూడో పిన్ను కోసేశాను.

ల్యాబ్ అసిస్టెంట్:
దేవుడా.

రాత్రిపాళీ:
రెండు వారాల తర్వాత రాస్తున్నాను. డీసీ బోర్డు, అడాప్టర్ కలిపి బడ్జెట్‌లోనే వచ్చాయి. ఈల పోయింది. హార్డ్‌డిస్క్ 7200 చుట్లది, అంటే సెకనుకు 120. ఆ హూమ్‌తో రేకు క్యాబినెట్ మొత్తం వణుకుతోందని చేయి పెడితే తెలిసింది. తీసేయడానికి మనసొప్పలేదు, పాప ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి. పైజామా ఎలాస్టిక్ కొని, నాలుగు మూలలా కట్టి ఉయ్యాలలా వేలాడదీశాను. కదిలించనంతవరకు బాగానే ఉంది. కూలర్ పాతదే. థర్మల్ పేస్ట్ ముట్టుకోలేదు.

నిన్న రాత్రి పాప లేచింది. పీసీ వల్ల కాదు, నా కీబోర్డ్ వల్ల.

అనంతపురం అనంత్:
సంతోషం. కాకినాడ వారూ, ఆ బీఎల్‌డీసీ ఫ్యాన్ ఏ మోడలో కొంచెం చెబుతారా? మా ఇంట్లో అడుగుతున్నారు.