‘చదివించిరి నను గురువులు’ పద్యంలో ‘నే’ దగ్గర ఎక్కడ ఆగాలి?

ప్రశ్న (హనుమకొండ నుండి):

పోతన భాగవతం సప్తమ స్కంధంలో ప్రహ్లాదుడు తండ్రితో పలికిన కంద పద్యంలోని ఒక్క అక్షరం కొన్ని రోజులుగా నన్ను వదలడం లేదు.

చదివించిరి నను గురువులు
చదివితి ధర్మార్థ ముఖ్య శాస్త్రంబులు నేఁ
జదివినవి గలవు పెక్కులు
చదువులలో మర్మమెల్లఁ జదివితిఁ దండ్రీ!

ఎనిమిదో తరగతిలో మాకు తెలుగు చెప్పిన సారు ఈ పద్యాన్ని నల్లబల్ల మీద రాసి, ‘నే’ పక్కన సుద్దముక్కతో చిన్న చుక్క పెట్టేవారు. చదివేటప్పుడు అక్కడ ఒక్క క్షణం ఆగేవారు. ఆ చుక్క ‘నే’కు ముందు ఉండేదో, తరువాత ఉండేదో ఎంత తలచుకున్నా గుర్తుకు రావడం లేదు. ఆనాటి నోటుబుక్కు చెదల పాలైంది. సారు కాలం చేసి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నేనూ తెలుగే చెబుతున్నాను. ఎక్కడ ఆగాలో తెలిస్తే పద్యం సగం తెలిసినట్టేనని ఆయన నేర్పిన మాట మీదే నా పాఠం నడుస్తున్నది కాబట్టి ఇది నాకు చిన్న విషయం కాదు.

కరీంనగర్ నుండి:

చుక్క ముందే ఉండి ఉంటుంది. ‘నే చదివినవి గలవు పెక్కులు’ అన్నదే అన్వయం, అంటే మాటల పొందిక. ఇదే కవి ‘పలికెడిది భాగవతమఁట, పలికించెడివాఁడు రామభద్రుండఁట, నేఁ బలికిన భవహర మగునఁట’ అన్న కందంలో కూడా రెండవ పాదం చివర ‘నేఁ’ అని నిలిపి, క్రియను మూడవ పాదంలో అందుకున్నాడు. అక్కడ పలికించెడివాఁడు, ఇక్కడ చదివించిరి. అక్కడ నేఁ బలికిన, ఇక్కడ నేఁ జదివిన. రెండు పద్యాలూ ఒకే అచ్చులో పోసినవి.

జనగామ నుండి:

అయ్యా, పోలిక అందంగా ఉన్నది కానీ నిలవదు. ‘రామభద్రుండఁట’ దగ్గర వాక్యం పూర్తయింది కనుక అక్కడ ‘నేఁ’ కిందికి పోక తప్పదు. ఇక్కడ ‘చదివితి’ అన్న క్రియ తన కర్త కోసం ఎదురుచూస్తున్నది. ‘చదివినవి’ కాక ‘జదివినవి’ అని సరళం వచ్చింది కదా అంటారేమో, ద్రుతం (‘నేన్’లోని నకారం) మీద ‘చ’ వంటి పరుషం ‘జ’ వంటి సరళం కావడం ఉచ్చారణకు సంబంధించిన సంగతి. దానితో అన్వయం తేలదు. ‘నే’ను కిందికి నెడితే గురువులు చదివించినవి కొన్నే, నేను చదివినవి పెక్కులు అని శిష్యుడు పెద్దరికం చూపినట్టవుతుంది. పైకి కలిపితే గురువులు చదివించారు, నేను చదివాను అన్న కృతజ్ఞత మిగులుతుంది. మా సారు ఇట్లాగే చెప్పారు.

కరీంనగర్ నుండి:

అమ్మా, కృతజ్ఞత అక్కడితో ఆగిపోవాలా? మంచి సారు దగ్గర చదివినవాడు ఆయన చెప్పని పుస్తకాలు కూడా వెతుక్కొని చదువుతాడు. ఆ పెక్కులు కూడా గురువు చలవే. అయినా ప్రహ్లాదుడికి మర్మం తెలిసింది గురువులైన చండామర్కుల వల్ల కాదు, తల్లి కడుపులో ఉండగా విన్న నారదుని మాటల వల్ల.

పాలకుర్తి నుండి:

బమ్మెర మా మండలంలోనిదే కాబట్టి పోతన మాట వస్తే నేను ఊరుకోలేను. స్కంధాల చివరి గద్యలో తనను ‘సహజపాండిత్య’ అని చెప్పుకొన్న కవి, నాలుగు పాదాల్లో అయిదుసార్లు చదువు మాట వాడి, మొదటిసారి మాత్రం దాన్ని ప్రేరణార్థకం చేసి గురువుల చేతిలో పెట్టాడు. తక్కిన చదువంతా ఆ ‘చదివించిరి’ నుండి పుట్టిందే. ఇక ‘నే’ అంటారా, కందంలో రెండవ పాదం చివర గురువు, అంటే రెండు మాత్రల అక్షరం, ఉండి తీరాలి, ‘నేను’ అంటే అక్కడ ఛందస్సు ఒప్పుకోదు. తనను చెప్పుకొనే మాటను కూడా శిష్యుడు గురుస్థానంలోనే పలికాడని నా నమ్మకం.

కరీంనగర్ నుండి:

ఛందస్సులోని గురువు వేరు, చదువు చెప్పిన గురువు వేరు. అసలు మీ సారు దీన్ని రాగం తీసి చదివేవారా, వచనంలా చదివేవారా? అది తెలిస్తే విరామం తెలుస్తుంది.

హనుమకొండ నుండి:

రాగం తీసేవారు కారు. బల్లల మధ్య నడుస్తూ, ఒక్కో పాదానికి నాలుగడుగులు వేస్తూ, మెల్లగా చెప్పేవారు. రెండవ పాదం ముగిసేసరికి కిటికీ పక్కన చివరి బల్ల దగ్గరికి వచ్చేవారు. నేను కూర్చునేది అక్కడే. ‘నే’ అన్నప్పుడు ఆయన చెయ్యి నా భుజం మీద ఉండేది. ఆ బరువు గుర్తుంది, సుద్ద అంటిన వేళ్లు గుర్తున్నాయి. ఆయన మాట ఆగింది చెయ్యి వేయకముందా, వేసిన తరువాతా అన్నది మాత్రం గుర్తుకు రావడం లేదు.