అప్‌డేట్: లండన్‌లో నాటకాలు చూసి వచ్చాం

ముందుగా టికెట్లు కొనకుండా లండన్‌లో నాటకం చూడగలమా అని క్రితం నెల అడిగాను కదా. లీసెస్టర్ స్క్వేర్‌లోని టీకేటీఎస్ కౌంటరుకు వెళ్లమన్నారు. వెళ్లాం. ఆ సాయంత్రం ఆటకే తగ్గింపు ధరలో రెండు సీట్లు దొరికాయి. పొరపాటు నాదే: ‘స్టాల్స్’ అంటే మన నేల టికెట్టు అనుకొని వద్దన్నాను. తీరా అవే వేదిక ఎదుట ఉండే మంచి సీట్లు! మేము పై అంతస్తులో ఉండే అప్పర్ సర్కిల్‌లో కూర్చొని నటుల నడినెత్తులు చూశాం.

అసలైన నేల టికెట్టు థేమ్స్ నది ఒడ్డున గ్లోబ్ అనే నాటకశాలలో దొరికింది. షేక్‌స్పియర్ నాటకాలు ఆడిన అసలు గ్లోబ్‌ను 1599లో కట్టారు, 1613లో కాలిపోయింది; దాని నమూనాలో కట్టి 1997లో తెరిచిన శాల ఇది. వేదిక ముందు ఆరుబయట దాదాపు 700 మంది నిలబడే చూడాలి. ఆట సాగుతుండగా కూర్చోనివ్వరు, గొడుగు తెరవనివ్వరు. వాన రానే వచ్చింది. రెయిన్‌కోటు తీసుకెళ్లమన్నవారికి మా ఆవిడ కృతజ్ఞతలు చెప్పమంది. నేను ఆ సలహా వినలేదు, తడిశాను. అయినా ఒక నటుడు నా భుజం రాసుకుంటూ జనం మధ్య నుంచి వేదికెక్కినప్పుడు కాళ్ల నొప్పి గుర్తు లేదు.