రెండు వేల రూపాయలు, ఎనిమిది పుస్తకాలు: కలగూరగంపా, ఒకటే దారా?

ఏలూరు రోడ్డు:
విజయవాడ పుస్తక మహోత్సవం జనవరి మొదట్లోనే. బడ్జెట్ 2,000. స్టాళ్లలో మామూలుగా ఇచ్చే పది శాతం తగ్గింపు కలుపుకుంటే 200 పేజీల పేపర్‌బ్యాకులు ఎనిమిది దాకా వస్తాయి. అనుకుంటున్న జాబితా: నవలలు రెండు, కథల సంపుటాలు రెండు, అనువాదం ఒకటి, యాత్ర ఒకటి, సైన్సు ఒకటి, మిద్దెతోట మీద ఒకటి. రోజుకు 20 పేజీల చొప్పున 80 రోజుల చదువు. ఇలా ఏరుకుంటే ఏదీ ఒంటబట్టదనీ, ఆ డబ్బుతో ఒక్క రచయితనో ఒక్క ప్రాంతాన్నో పట్టుకోమనీ అనేవాళ్లున్నారు. కారణాలతో వాదించండి. "ఎవరి అభిరుచి వాళ్లది" అనే జవాబు మాత్రం వద్దు.

నాగావళి:
కలగూరగంప వద్దనే నేనంటాను. ఉత్తరాంధ్ర కథకులు చాసో, రావిశాస్త్రి, కారా (కాళీపట్నం రామారావు), ఈ ముగ్గురినీ వరసపెట్టి చదవండి. మొదటి యాభై పేజీలు ఉత్తరాంధ్ర మాట పంటికింద రాయిలా తగులుతుంది. రెండో పుస్తకానికి చెవి అలవాటు పడుతుంది. రావిశాస్త్రి ఒక పోలికను పట్టుకుని పేరా పొడుగునా లాగుతుంటే అందులోని వెటకారం అప్పుడే వినిపిస్తుంది. కారా "యజ్ఞం"లో అప్పు తగువు పేజీలకు పేజీలు నడుస్తుంది. విసుగొచ్చి అక్కడ ఆపి ఇంకో పుస్తకం అందుకున్నారా, ముగింపు దెబ్బ తగలదు. ఆ కథ కట్టుబడే అలాంటిది. ఎనిమిది రకాలు ముందేసుకున్నవాళ్లు సరిగ్గా అక్కడే ఆపుతారు.

కొబ్బరిపొట్టు:
నాగావళి గారూ, విసుగు తీర్చుకోవడానికి ఎవరూ తోట పుస్తకం తీయరండీ. అది వరసగా చదివే పుస్తకమే కాదు. 80 రోజుల లెక్కలోంచి దాన్ని తీసేయండి. ఏడాదంతా చేతికందేచోట ఉండాలి.

అయితే ఎంచుకోవడం దగ్గరే చాలామంది దెబ్బతింటారు. అట్టమీద రంగుల పూలు చూడకండి. నేరుగా టమాటా పేజీ తీయండి. నారు ఏ నెలలో పోయాలి, కుండీ ఎంతది, మట్టి పాళ్లు ఎంత, పూత రాలితే కారణమేంటి, ఈ నాలుగూ ఉన్నాయా? విదేశీ పుస్తకమైతే "ఆఖరి మంచు తేదీ తర్వాత నాటండి" అని ఉంటుంది. మంచు పోయే వసంతమంటే మనకు మండుటెండ. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే టమాటా పూత నిలవదు. ఆ పుస్తకాల్లో మండలాలుగా విడగొట్టిన పటం చలికాలపు కనిష్ఠ ఉష్ణోగ్రతల మీద గీసింది. మన మొక్కను చంపేది మే నెల ఎండ కదా, ఆ పటం ఎందుకు పనికొస్తుంది?

వేపనూనె పేజీ కూడా చూడండి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు అని రాసి, సబ్బు ద్రావణం ఊసెత్తకపోతే రాసినాయన ఎప్పుడూ పిచికారీ చేయలేదన్నమాట. సబ్బు లేకపోతే నూనె నీళ్లలో కలవదు, పైకి తేలుతుంది. కొన్ని మొక్కలకు ఉత్త నీళ్లు పడతాయి, చివరివాటికి చిక్కటి నూనె పడి ఆకు మాడుతుంది. సాయంత్రం కొట్టమని చెప్పిందో లేదో కూడా చూసుకోండి.

ఇక బరువు. మట్టి, కంపోస్టు, కొబ్బరిపొట్టు సమపాళ్లలో కలిపిన 15 లీటర్ల కుండీ తడిస్తే 15 కిలోలు దాటుతుంది. 40 కుండీలంటే 600 కిలోల పైమాటే. స్లాబు నడిమధ్యన కాకుండా దూలాల మీదుగా, గోడల వెంట పెట్టమని చెప్పని మిద్దెతోట పుస్తకం కొనొద్దు.

"గడ్డిపరకతో విప్లవం" తోటల అరలో కనిపిస్తే కంగారుపడకండి. ఫుకుఓకా జపాన్‌లో వరి, బార్లీ పండించిన పద్ధతి, దాని వెనక ఆలోచన అందులో ఉన్నాయి. గొప్ప పుస్తకం, కానీ కుండీలో వంకాయ కోసం కొంటే మీకూ నష్టం, దానికీ అన్యాయం.

నాగావళి:
మరి అంత సమాచారానికి 250 రూపాయలెందుకు? రంగా వర్సిటీ వాళ్ల వ్యవసాయ పంచాంగం ఉంది, వెంకట్రామన్నగూడెం ఉద్యాన వర్సిటీ ఉంది. నెలలు, రకాలు, తెగుళ్లు అన్నీ మన నేలకు సరిపడా చెబుతారు. ఆ డబ్బుతో ఇంకో కథల సంపుటి వస్తుంది.

కొబ్బరిపొట్టు:
వస్తుంది. కానీ పంచాంగం రైతుకు, లెక్కలన్నీ ఎకరాల్లో. ఎకరానికి 8 టన్నుల పశువుల ఎరువు అనుకుందాం. చదరపు మీటరుకు 2 కిలోలు. 12 అంగుళాల కుండీ పైవైశాల్యానికి లెక్కేస్తే 140 గ్రాములు, రెండు గుప్పిళ్లు. అంతే వేస్తే మొక్క నెలకే పాలిపోతుంది. పొలంలో వేరు కిందికీ పక్కకీ పోయి వెతుక్కుంటుంది. కుండీలో ఆ దారి లేదు, పైగా రోజూ పోసే నీళ్లతో పోషకాలు అడుగు రంధ్రంలోంచి కారిపోతాయి. కాబట్టి కొద్దికొద్దిగా, పదేపదే వేయాలి. రకాలకూ నెలలకూ మీ పంచాంగమే మేలు, ఒప్పుకుంటాను. కుండీ లెక్కకు వేరే పుస్తకం కావాలి.

ఫారం 16:
రకరకాలా, ఒకే రకమా అన్న తగువు మీరు తేల్చుకోండి. ఏది కొన్నా స్టాల్లో రెండు నిమిషాలు దాన్ని తిరగేయండి.

వెన్ను పైఅంచు కంటికి దగ్గరగా పెట్టి చూడండి. మడతల కట్టలు చిన్నచిన్న గుత్తుల్లా కనిపిస్తే కుట్టిన పుస్తకం. కోసినట్టు చదునుగా ఉంటే ఉత్త జిగురు. జిగురుదైనా నవలకు పరవాలేదు. తోట పుస్తకాన్ని పూర్తిగా విప్పి, కుండీ పక్కన బోర్లించి పెడతారు. జిగురు పగిలి, ఏడాది తిరక్కుండా టమాటా పేజీలు చేతికొస్తాయి. దానికి కుట్టిందే చూసుకోండి.

డెమ్మీ అనే పుస్తకపు సైజులో ఫారానికి, అంటే ఒక్కో మడత కట్టకు, 16 పేజీలు. 16-17, 32-33, 48-49 ఇలా అతుకుల దగ్గర అంకెలు చూస్తూ పోండి. ఫారం ఎగిరిపోవడం, ఒకే ఫారం రెండుసార్లు పడటం అక్కడే బయటపడతాయి. ఇంటికెళ్లాక తెలిస్తే స్టాలు ఎత్తేసుంటారు.

పాత పుస్తకాల కొత్త ముద్రణల్లో ఏదో ఒక పేజీ గట్టిగా చదవండి. "వు" ఉండాల్సినచోట "మ" పడటం, పై వరస ఒత్తులు కింది వరస గుడులకు తగలడం ఒక్క పేజీలో మూడుచోట్ల కనిపిస్తే పక్కన పెట్టేయండి. పేజీలు తగ్గించడానికి వరసలు ఇరికించారన్నమాట. ఒత్తులు కిందికి వేలాడే లిపి మనది, ఇంగ్లిషు పుస్తకానికి సరిపోయే ఎడం దీనికి చాలదు.

అనువాదాల అర:
అనువాదానికి ఇంకో పరీక్ష. అట్ట తిప్పగానే వచ్చే వివరాల పేజీలో అనువాదకుల పేరు, ఏ భాష నుంచి చేశారన్నది ఉండాలి. "సంక్షిప్తం" అన్న మాట చిన్న అక్షరాల్లో దాక్కుంటుంది. బెంగాలీ నవలాకారుడు శరత్ పుస్తకాలకు హక్కుల గడువు ఎప్పుడో తీరింది కాబట్టి ఎవరైనా కొత్తగా అనువదించి వేసుకోవచ్చు. ఒకే నవల రెండు స్టాళ్లలో దొరికి, ఒకటి సగం మందమే ఉంటే ధర తక్కువని మురిసిపోకండి.

తెలుగు మూలాలకూ ఇదే. "కన్యాశుల్కం" 1897లో ఒకటి, బాగా పెంచి తిరగరాసిన 1909 కూర్పు ఒకటి. మనమంతా మాట్లాడుకునే నాటకం రెండోది. ఏ కూర్పో ముందుమాటలో చెప్పారా చూడండి.

నాగావళి గారితో ఒక్క పేచీ. చాసో, రావిశాస్త్రి, కారా ఒకే దారి ఎలా అవుతారండీ? చాసో కథ నాలుగైదు పేజీల్లో తెగ్గొట్టేస్తాడు, రావిశాస్త్రి మాటల్లో తేలుస్తాడు. మీరు చెప్పిందీ కలగూరగంపే, కాకపోతే ఒకే మడిలో కోసిన కూరలు.

నాగావళి:
మడి ఒకటైతే చాలండీ నాకు.

ఏలూరు రోడ్డు:
సరే, జాబితా మారింది. కథల సంపుటాలు మూడు, మూడూ ఉత్తరాంధ్రవే, మధ్యలో ఇంకేదీ ముట్టకుండా వరసగా. యాత్ర తీసేశాను. నవలలు రెండూ ముందు గ్రంథాలయంలో అడుగుతాను, దొరికితే ఆ 500 మిగులుతుంది. తోట పుస్తకం కుట్టిందైతేనే. జనవరిలో కొంటే మొదట ఏ పేజీ తెరవాలి?

కొబ్బరిపొట్టు:
బెండ, గోరుచిక్కుడు. ఫిబ్రవరిలోపు గింజ నేరుగా కుండీలోనే పెట్టండి, నారు పోసి మార్చేవి కావవి. టమాటా పేజీ జూన్ దాకా తెరవక్కర్లేదు.