కల్లంలో వడ్లు ఉన్నప్పుడు రాడార్ బొమ్మను నమ్మి పరదాలు తీయవచ్చా?

కల్లంగట్టు (సిద్దిపేట జిల్లా):
మా ఊరి కొనుగోలు కేంద్రంలో ఈ యాసంగికి ఒక నియమం పెట్టుకుందామని కొందరం ప్రతిపాదిస్తున్నాం. వాతావరణ శాఖ వారి హైదరాబాద్ డాప్లర్ రాడార్ (రేడియో తరంగాలతో వాన ఎక్కడుందో కనిపెట్టే యంత్రం) చిత్రాన్ని ఒకరు ఫోన్‌లో చూస్తూ ఉండాలి. ఊరికి 40 కిలోమీటర్ల లోపు వాన కనిపిస్తేనే అందరూ కుప్పలు చేసి కప్పాలి, లేకుంటే మబ్బు ఎంత నల్లగా ఉన్నా వడ్లను ఎండనివ్వాలి. పోయిన యాసంగిలో మబ్బు పట్టిన ప్రతిసారీ నేను, నా భార్య, ఇద్దరు కూలీలు కలిసి వడ్లు కుప్పచేసి పరదా కప్పాము. వరుసగా ఐదు రోజులు కప్పితే వాన పడింది ఒక్క రోజే. హార్వెస్టర్‌తో కోసిన వడ్లు 20 శాతానికి పైగా తేమతో వస్తాయి, 17కు దిగితే గాని కాంటా వేయరు. కప్పినన్నాళ్లూ తేమ మీటరు 19 దగ్గరే నిలిచిపోయింది, కుప్ప లోపల చెయ్యి పెడితే ఆవిరి తగిలింది. చెడగొట్టు వాన వల్ల నష్టపోయామని అందరమూ చెప్పుకుంటాం. పడని వానకు భయపడి పోగొట్టుకున్న ఎండను మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఈ నియమంపై మీ అభిప్రాయాలు చెప్పగలరు.

పాతపంట (జగిత్యాల జిల్లా):
మబ్బును చూసి ముంత ఒలకబోసుకున్నట్లు అని మన పెద్దలు అన్నారు. ఇప్పుడు మబ్బుకు బదులు మబ్బు బొమ్మను చూసి ఒలకబోసుకుందామంటున్నారు. కల్లంగట్టు గారి బాధ న్యాయమైనదే, నియమం మాత్రం ప్రమాదకరమైనది. ఏప్రిల్, మే నెలల్లో వచ్చే గాలివాన ఎక్కడో పుట్టి నడిచి రావాలన్న నిబంధన ఏదీ లేదు. మధ్యాహ్నం రెండు గంటలకు తెల్లగా ఉన్న ఆకాశంలో మన నెత్తి మీదే మబ్బు లేచి, అరగంటలో వాన కురిపించి, గంటలో మాయమవుతుంది. అటువంటి వానకు 40 కిలోమీటర్ల హద్దు ఏమి చేయగలదు? రాడార్ చూపేది అప్పటికే ఏర్పడిన చినుకులను, ఇంకా పుట్టని వానను కాదు. మా కేంద్రంలో ఒక యువకుడు ఫోన్‌లో ఏమీ లేదని చెప్పిన ఇరవై నిమిషాలకే వాన దిగింది. అతడు అబద్ధం చెప్పలేదు, చూసినప్పుడు నిజంగానే ఏమీ లేదు.

మేఘమాపకం (హైదరాబాద్):
రాడార్ చిత్రాలను చాలా ఏళ్లుగా చూస్తున్న అలవాటుతో కొన్ని విషయాలు చెబుతాను. హైదరాబాద్‌లో, మచిలీపట్నంలో, విశాఖపట్నంలో ఉన్నవి ఎస్ బ్యాండ్ అనే రకం రాడార్లు. వీటి తరంగ దైర్ఘ్యం సుమారు 10 సెంటీమీటర్లు, అంత పొడవైన తరంగం వానలో పెద్దగా బలహీనపడదు కాబట్టి దగ్గరి వానను దాటి వెనుక ఉన్న వానను కూడా బాగానే చూడగలవు. సాధారణంగా మనం చూసే చిత్రం 250 కిలోమీటర్ల వరకు ఉంటుంది. అయితే ఆ వృత్తంలోని ప్రతి ఊరినీ రాడార్ ఒకేలా చూడదు. కిరణాన్ని అర డిగ్రీ కోణంతో వదిలితే, భూమి గుండ్రంగా ఉన్నందువల్ల, దూరం పెరిగేకొద్దీ అది నేలకు పైపైకి పోతుంది. సుమారు 80 కిలోమీటర్ల దూరంలోని సిద్దిపేట మీద అది 1.1 కిలోమీటర్ల ఎత్తున ఉంటే, జగిత్యాల మీద దాదాపు 2.8 కిలోమీటర్లు, వృత్తపు అంచున ఉన్న ఆదిలాబాద్ మీద దాదాపు 6 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. అంటే అక్కడ మబ్బు పైభాగమే కనిపిస్తుంది, కింద ఏమి కురుస్తున్నదో తెలియదు. కనుక కల్లంగట్టు గారికి పనికివచ్చే నియమం పాతపంట గారికి అంతగా పనికిరాకపోవచ్చు. మీ ఇద్దరి వాదంలో సగం తేడా రాడార్ నుంచి మీ ఊళ్ల దూరంలోనే ఉందని నా అనుమానం.

తప్పు రెండో వైపు కూడా జరుగుతుంది. వేసవిలో కింది గాలి పొడిగా ఉన్నప్పుడు పైనుంచి రాలిన చినుకులు నేలకు చేరకముందే ఆవిరైపోతాయి. తెరపై ఆకుపచ్చ మరక ఉంటుంది, కల్లంలో చుక్క పడదు.

ఇక గడియారం సంగతి. ఆ చిత్రంపై ఉండే సమయం యూటీసీలో, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో ఉంటుంది, మన సమయం కావాలంటే దానికి ఐదున్నర గంటలు కలపాలి. నేను కూడా మొదట్లో ఇందులో పప్పులో కాలు వేశాను. ఒక రోజు సాయంత్రం 4:50కి చూస్తే చిత్రంపై 11:10 అని ఉంది. ఉదయం నుంచి మార్చలేదని విసుక్కుని ఫోన్ జేబులో పెట్టుకున్నాను. నిజానికి అది 4:40 నాటి తాజా చిత్రం, అందులో మా బస్తీకి పడమర దిక్కున ఎర్రటి ముద్ద స్పష్టంగా ఉంది. డాబా మీద ఆరేసిన మిరపకాయలన్నీ తడిసిపోయాయి. మరో హెచ్చరిక: కొన్ని ప్రైవేటు యాప్‌లు రాడార్ అని పేరుపెట్టి రేపటి వానను కూడా రంగుల్లో కదిలించి చూపుతాయి. రేపటిని ఏ రాడారూ చూడజాలదు, అది కంప్యూటర్ అంచనా.

దాళ్వారైతు (భీమవరం దగ్గర):
మచిలీపట్నం రాడార్ మాకు అరవై కిలోమీటర్ల లోపే ఉంది, కాబట్టి బొమ్మ బాగానే సరిపోతుంది. మా చిక్కు వాన కాదు, గాలి. గాలివానలో వాన కంటే పది నిమిషాల ముందు చల్లటి ఈదురుగాలి వస్తుంది, వాన రంగులు చూపే బొమ్మలో అది మామూలు కంటికి కనబడదు. బరకం ఒక మూల లేచిందంటే నలుగురు పట్టుకున్నా ఆగదు. ఆ గాలిలో ధాన్యం కప్పడం మొదలుపెట్టడం కంటే ముందే కప్పి అంచులకు ఇసుక బస్తాలు పెట్టి కూర్చోవడం మేలు. అందువల్ల వాన ఎప్పుడు చేరుతుందని కాక, గాలి ఎప్పుడు చేరుతుందని లెక్క వేసుకోమని నా మనవి.

కల్లంగట్టు:
అందరి మాటలూ విన్నాక లెక్క మళ్లీ వేశాను. మబ్బు గుంపు గంటకు 40 కిలోమీటర్లు నడిస్తే నా హద్దు గంట వ్యవధి ఇస్తుందనుకున్నాను. చిత్రం పావుగంట పాతదైతే 45 నిమిషాలు, గాలికి పది నిమిషాలు తీసేస్తే 35 మిగులుతాయి. పరచిన వడ్లు కుప్పచేసి కప్పడానికి మా నలుగురికి పోయినేడు 40 నిమిషాలు పట్టింది. అంటే నా నియమం నాకే చాలదు, హద్దు కనీసం 44 కిలోమీటర్లు ఉండాలి, కొంత వెసులుబాటుతో 60 పెట్టుకోవడం మేలు. నెత్తి మీదే పుట్టే వానకు నా దగ్గర జవాబు లేదని కూడా ఒప్పుకుంటున్నాను. అయినా మొత్తం ప్రతిపాదనను వదులుకోను. అన్ని కుప్పలూ ఒకటి కావు కదా. 17కు దిగి కాంటా కోసం ఎదురుచూస్తున్న వడ్లను ఏ బొమ్మను చూసీ విప్పనవసరం లేదు, వాటికి ఎండతో పని తీరిపోయింది. నిన్న కోసి తెచ్చిన పచ్చి వడ్లను కప్పి ఉంచితే వాన లేకుండానే రంగు మారుతాయి, అక్కడ రెండు వైపులా నష్టమే. రాడార్ చూసి తెగించవలసింది ఆ పచ్చి వడ్ల విషయంలోనే.

పాతపంట:
ఈ మార్పుతో నేను చాలావరకు ఏకీభవిస్తాను. అయితే ఒక ప్రశ్న మిగిలింది. ఫోన్ చూసే మనిషి కప్పవద్దని చెప్పాక పచ్చి వడ్లు తడిస్తే, ఆ రైతు మరుసటి రోజు ఎవరి ఇంటి ముందుకు వస్తాడు? మీ ఊళ్లో ఆ పనికి ఎవరు ఒప్పుకుంటారో నాకు తెలియదు, మా ఊళ్లో మాత్రం ఎవరూ ఒప్పుకోరు.

కల్లంగట్టు:
న్యాయమైన ప్రశ్న. చూసేవాడు ఆజ్ఞ ఇవ్వకూడదు, "పడమర నుంచి వాన, 60 కిలోమీటర్లు, చిత్రం 3:20 నాటిది" అని కేంద్రం మైకులో చదివితే చాలు, కప్పుకోవడం ఎవరి ఇష్టం వారిది. మొదటి నెల ఆ పని నేనే చేస్తానని రేపటి సమావేశంలో చెబుతాను. నా పచ్చి వడ్లు కూడా అక్కడే పరచి ఉంటాయి.